ఏ కాలికి ఏ చక్రాలు

మొన్న వేసవి సెలవుల్లో ఒంగోలులో మా మనవరాలు తన కూతురికి చక్రాల బూట్లు కొనడానికి పోతూ, ఇంట్లో ఒక్కదాన్నే ఎందుకని నన్ను కూడా కారెక్కించుకుని తీసుకుపోయింది. దుకాణంలో అద్దాల అరల నిండా రంగురంగుల బూట్లు. అమ్మే అబ్బాయి పాప చెప్పు నంబరు అడిగి, ఎదిగే పిల్ల కదా రెండేళ్ళు వాడుకోవచ్చునని ఒక సైజు పెద్దది తెచ్చి తొడిగినాడు. పాప లేచి నిలబడగానే చీలమండలు రెండూ లోపలికి వాలిపోయినాయి. నేను కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే, ఆ జోడు వద్దు నాయనా, చిన్నది తీయి, మోకాలు వంచినప్పుడు మడమ పైకి లేవకూడదు, వేళ్ళు ముందు తోలుకు తాకీ తాకనట్టు ఉండాలి అన్నాను. ఆ అబ్బాయి నా నెరసిన తల వంకా, చేతికర్ర వంకా మార్చి మార్చి చూసినాడు. మనవరాలు కూడా ఆశ్చర్యంగా చూసింది. తొంభై ఏళ్ళ ముసలమ్మకు ఈ సంగతులు ఎట్ల తెలుసనేది ఇద్దరి ముఖాల్లోనూ కనబడింది. అక్కడ నిలబడి చెప్పేంత చిన్న కథ కాదది. నా ఈడు వాళ్ళు, బోర్డింగు బళ్ళలో సత్తు గిన్నెల్లో జొన్న సంకటి తిని చదువుకున్నవాళ్ళు ఎక్కడన్నా మిగిలి ఉంటే, వాళ్ళకు చెప్పుకోవాలనిపించింది.

మాది గిద్దలూరుకు అవతల, నల్లమల అంచున ఒక పల్లె. అప్పుడు మా వైపంతా కర్నూలు జిల్లా, పెద్ద సర్కారు చెన్నపట్నంలో. అమ్మా నాయనా రైతుల చేలల్లో కూలికి పోయేవాళ్ళు, పనులు లేని రోజుల్లో నాయన చెప్పులూ, బావి నీళ్ళు తోడే తోలు బానలూ కుట్టేవాడు. నాయనకు అక్క, అంటే మా మేనత్త, చిన్న వయసులోనే భర్త పోతే మిషను వాళ్ళ దగ్గర చదువుకుని, మార్కాపురంలో ఆడపిల్లల బోర్డింగు బడికి మేట్రనుగా ఉండేది. నన్నూ, నాకంటే పెద్దదైన మా పెద్దమ్మ కూతురు అక్కనూ ఆమే పట్టుబట్టి ఆ బడిలో చేర్పించింది. పట్టుబట్టి అనడం చాలా చిన్న మాట. ఆడపిల్ల చదువుకు పోతే కలుపు ఎవరు తీస్తారు, చంటివాణ్ణి ఎవరు ఎత్తుకుంటారు అనే రోజులవి. సెలవులు వచ్చినాయంటే మేనత్త గొడుగు చంకలో పెట్టుకుని పల్లెపల్లెకూ నడిచి, ఇంటింటి అరుగు మీదా కూర్చుని, ఒక్కొక్క తల్లినీ ఒప్పించి ఒక్కొక్క పిల్లనూ తెచ్చుకునేది. అందుకే మాలో ఎవరికి కాస్త ఒళ్ళు వెచ్చబడినా ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఒక పిల్లకు ఏమన్నా అయిందని ఊళ్ళలో తెలిస్తే, మిగతా తల్లులంతా వచ్చి పిల్లల్ని తోడుకుని పోతారని ఆమె భయం. ఆ భయం ఉత్తది కాదు, అంతకు ముందు ఒకసారి అమ్మవారు పోసినప్పుడు బడి సగానికి సగం ఖాళీ అయిపోయిందట.

బడికి పెద్ద దొరసానమ్మ. పొడుగాటి మనిషి, కడ్డీలాగా నిటారుగా నడిచేది. తెలుగు పుస్తకాల నుంచి నేర్చుకున్నది కాబట్టి, పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేది. మేము అల్లరి చేస్తే నిశ్శబ్దముగా నుండుడి అనేది, మాకు నవ్వొచ్చి ఇంకా అల్లరి ఎక్కువయ్యేది. ఆమె పరుగెత్తడం గానీ గట్టిగా నవ్వడం గానీ మాలో ఎవరూ చూసి ఎరగం.

యుద్ధం నడిచినన్నాళ్ళూ అమెరికా నుంచి రావలసిన క్రిస్మసు పెట్టెలు రాలేదు. యుద్ధం ఆగినాక, ఏ రేవుల్లో చిక్కుకుని ఉన్నవో అన్నీ కలిసి ఒకేసారి చెన్నపట్నం చేరి, అక్కడి నుంచి రైల్లో మార్కాపురం రోడ్డు స్టేషనుకు వచ్చినాయి. స్టేషను నుంచి ఎద్దుల బండి బయలుదేరిందన్న కబురు బండి కంటే ముందే మాకు చేరింది, ఆ పూట లెక్కల క్లాసులో ఎవరికీ ఒక్క కూడిక సరిగా రాలేదు. మేకులు పీకి మూతలు లేపినప్పుడు లోపలి నుంచి సబ్బూ, కలరా ఉండలూ, పాత ఉన్నీ కలిసిన వాసన గుప్పున కొట్టింది. చాలా ఏళ్ళ వరకూ అమెరికా అంటే నాకు ఆ వాసనే. బొమ్మలు, రంగు కార్డులు, మా ఎండలకు ఎవరికీ పనికిరాని ఉన్ని కోట్లు, అన్నిటి అడుగునా గోనెలో మూటగట్టిన ఇనుప సామాను. మూట విప్పితే నేల మీదికి గలగలమని చక్రాలు దొర్లుకుంటూ వచ్చినాయి. ఇనుప రేకుకు ముందు రెండు, వెనక రెండు చక్రాలు, పక్కల బిగించుకునే కొక్కేలు, మడమకు తోలు పట్టీ. జతలు ఏడెనిమిది ఉంటాయేమో, ఒకదానికొకటి పోలిక లేదు. వాటి మధ్యలో ఒక జత తెల్ల తోలు బూట్లు, అడుగున చక్రాలకు బదులు నిలువునా కత్తులు. వంట చేసే అవ్వ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేదో కొత్త రకం కత్తిపీటలాగుంది, వంటింటికి ఇప్పించండమ్మా అని అడిగింది.

దొరసానమ్మ ఆ కత్తుల బూట్లను అవ్వ చేతిలో నుంచి తీసుకుని, హాలు మెట్టు మీద అట్లనే కూర్చుండిపోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తరువాత మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, తన ఊరి చెరువు చలికాలంలో గడ్డకట్టి రాయిలాగా అయిపోతుందనీ, ఇలాంటి బూట్లు తొడుక్కుని పిల్లా పెద్దా దాని మీద జారుతూ తిరుగుతారనీ చెప్పింది. మేము ఒకరి ముఖాలొకరు చూసుకున్నాము. మా చెరువు నీళ్ళు ఎండాకాలానికి ఇంకిపోవడం తెలుసు గానీ గట్టిపడటం మేమెక్కడ చూసినాము. మా అక్క మెల్లగా లేచి, మరి ఎద్దులు నీళ్ళెట్ల తాగుతాయమ్మా అని అడిగింది. దొరసానమ్మ నవ్వింది. గట్టిగా, తల వెనక్కి వేసి నవ్వింది. అదే మొదటిసారి మేము చూడటం.

ఆ సాయంత్రం ఆమె నల్లబల్ల మీద కత్తుల బూట్లు రకరకాలు గీసి చూపించింది. పందెం పరుగెత్తేవాళ్ళకు పొడుగాటి, తిన్నటి కత్తి, అది మలుపుల్లో మొండికేస్తుంది గానీ ముందుకు బాణంలాగా పోతుంది. నాట్యంలాగా గిరగిరా తిరిగేవాళ్ళకు పొట్టిగా, కాస్త వంపుగా ఉండి మునివేళ్ళ దగ్గర రంపపు పళ్ళున్న కత్తి. కర్రలతో బంతి కొట్టుకుంటూ ఆడే మగపిల్లలకు రెండు కొసలూ గుండ్రంగా తేలిన మందపాటి కత్తి, తోసుకున్నా తన్నుకున్నా తట్టుకునేటట్టు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు కత్తి కంటే బూటు ముఖ్యమట, మడమను గట్టిగా పట్టుకుని చీలమండను అటూ ఇటూ వాలనీయనిది కావాలట. ఎదిగే పిల్లకు పెద్ద సైజు కొనడం తల్లిదండ్రులందరూ చేసే పొరపాటట. మేము నోళ్ళు తెరుచుకుని విన్నాము. ఎన్నడూ చూడని మంచు మీద, ఎన్నడూ తొడగని బూట్లతో, ఆ పూటకే మేమంతా జారిపోతున్నట్టు ఉంది.

మంచు లేకపోయినా మాకు హాలు ఉంది. ఆ హాలు నేల మొత్తం మార్కాపురం గనుల్లోని పలకరాయి, మేము వారం వారం కొబ్బరి పీచుతో తోమి తోమి నీళ్ళలాగా నున్నగా చేసి పెట్టినది. చక్రాల బూట్లు దాని మీదే అని దొరసానమ్మ తేల్చింది. మేనత్త మాత్రం ఒప్పుకోలేదు. ఇద్దరికీ ఆఫీసు గదిలో చాలాసేపు మాటలు నడిచినాయి. చివరికి కుదిరిన ఒప్పందం ఏమంటే, నేర్చుకోవచ్చు, క్రిస్మసు పండుగ నాడు తల్లిదండ్రులందరి ఎదుటా తిరిగి చూపించాలి, వాళ్ళు సరేనంటేనే చక్రాలు బడిలో ఉంటాయి, వద్దంటే పెట్టెలో పెట్టి మేకులు కొట్టేయాలి.

మరునాడు దొరసానమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒంటి కాలి మీద నిలవమంది, గెంతమంది, హాలు ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తమంది. ఎవరి మడమ వాలుతుంది, ఎవరు పడబోయినప్పుడు చేతులు చాస్తారు, ఎవరు కళ్ళు మూసుకుంటారు, అన్నీ కనిపెట్టింది. జతలు పంచేటప్పుడు నా కళ్ళన్నీ తళతళలాడే ఒక ఇనుప చక్రాల జత మీద ఉన్నాయి. ఆ జత అక్కకు ఇచ్చింది. అక్క ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్ల, నిదానస్తురాలు. నున్నటి రాతి మీద ఇనుప చక్రం జారుతుంది, బరువున్న మనిషి నొక్కితేనే అది నిలుస్తుందని దొరసానమ్మ చెప్పింది. బక్కపిల్లలకూ భయపడేవాళ్ళకూ కొయ్య చక్రాలు, అవి నేలను కాస్త పట్టుకుంటాయి, చప్పుడు కూడా తక్కువ. చక్రాల మధ్య ఒక మర ఉండేది, దాన్ని వదులు చేస్తే ఒంగినవైపు బండి తిరుగుతుంది, బిగిస్తే తిన్నగా పోతుంది. నాకు రంగు వెలిసిన కొయ్య చక్రాలు ఇచ్చి మర బిగించేసింది. నా ముఖం చిన్నబోవడం చూసి దగ్గరికి పిలిచి, మంచు ఉన్నచో నీకు పొడుగు కత్తి ఇచ్చియుందును, నీవు పందెపు పిల్లవు, మలుపులు నెమ్మదిగా నేర్చుకొందువు గాక అంది. ఆ మాటతో నా ముఖం మళ్ళీ వెలిగింది. పందెపు పిల్ల అనే పేరు చాలా రోజులు నన్ను నేనే పిలుచుకున్నాను.

అయితే అసలు చిక్కు అప్పుడు తెలిసింది. ఆ కొక్కేలు బూటు అడుగున ఉండే గట్టి తోలు అట్టను పట్టుకోవాలి. మాలో ఒక్కరికీ బూట్లు లేవు, చాలామందికి చెప్పులే లేవు. నాయనకు కబురు పోయింది. నాయన రైల్లో వచ్చి, మా పాదాలను మా పలకల మీదే పెట్టించి బలపంతో గీసుకున్నాడు. చెప్పుల్లేని పాదాలు కదా, వేళ్ళు విచ్చుకుని విసనకర్రల్లాగా ఉండేవి, ఆ ఇనుప రేకులేమో సన్నవి. మొదట కుట్టినవి కొక్కేలు బిగించగానే చీరుకుపోయినాయి. నాయనా దొరసానమ్మా హాలు మధ్య నేల మీద ఎదురెదురుగా కూర్చుని, ఆమె పుస్తకపు తెలుగు ఆయనకూ, ఆయన గిద్దలూరు మాట ఆమెకూ సగమే తెలిసినా, తోలు ఇట్ల మడిచి అట్ల మడిచి, చివరికి కింద అట్ట ఇరుకుగా, మందంగా, పైన వెడల్పుగా, చీలమండ దాకా పట్టీలు చుట్టుకునేటట్టు ఒక కొత్త రకం చెప్పు తయారు చేసినారు. అట్లాంటివి ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవని నా నమ్మకం.

ఆ తరువాతి వారాలు నా జీవితంలోకెల్లా సంబరమైన వారాలు. బడి వదిలిన గంట మోగడమే ఆలస్యం, పావడాలు ఎగదోపుకుని హాలుకు పరుగు. పిల్లలం నలభై మందిమి దాకా ఉంటే జతలు కొన్నే, కాబట్టి ఒకరి చక్రాల మీద ఐదారుగురి వంతులు నడిచేవి. మొదటి రోజు నేను నిలబడిన చోట నుంచి కదలకుండానే కూలబడినాను. మోకాళ్ళు వంచుడి, నేలను చూడకుడి, ఎదుటి గోడను చూడుడి అని దొరసానమ్మ అరుస్తూ ఉంటే, ఎదుటి గోడను చూస్తూ చూస్తూ పోయి దాన్నే గుద్దుకునేవాళ్ళం. ఒక రోజు ఉన్నట్టుండి నా కాళ్ళ కింద నేల మెత్తబడినట్టయింది. తోసినట్టు లేదు, నడిచినట్టు లేదు, ఊరికే పోతున్నాను, చెవుల పక్కన గాలి, హాలు కిటికీలు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. రైలు కిటికీలో నుంచి చెట్లు పోవడం చూసినదాన్ని, నేనే రైలైనట్టు అనిపించింది. ఇనుప చక్రాల చప్పుడు వీధి దాకా వినబడి, దారిన పోయేవాళ్ళు గూడ్సు బండి ఊళ్ళోకి వచ్చిందా ఏందని కిటికీలకు వేలాడేవాళ్ళు. మేనత్త మాత్రం తలుపు దగ్గర అయోడిను సీసా పట్టుకుని నిలబడి, ఎవరు పడినా తానే పడినట్టు కళ్ళు మూసుకునేది.

పండుగ నాడు రైళ్ళ మీదా, బండ్ల మీదా, కాలినడకనా తల్లిదండ్రులు వచ్చినారు. ఊళ్ళో పెద్ద రైతులనూ, తాలూకా ఆఫీసు వాళ్ళనూ కూడా దొరసానమ్మ పిలిచింది. వాళ్ళకు ముందు వరసలో కుర్చీలు, మావాళ్ళంతా గోడల వెంబడి కింద చాపల మీద. పాటలు అయినాయి, పద్యాలు అయినాయి. తరువాత మేము చేతులు పట్టుకుని గొలుసులాగా లోపలికి వచ్చినాము, అందరికంటే ముందు అక్క. మొదటి చుట్టు బాగానే తిరిగినాము. రెండో చుట్టులో మలుపు దగ్గర అక్క ఎడమ కాలి పట్టీ జారింది. ఆమె మా గొలుసు చేయి వదిలేసి, మమ్మల్ని పడనీయకుండా తానొక్కతే పక్కకు పోయి, కుర్చీల ముందర దబ్బున పడింది. మోచేయి చీరుకుని రక్తం పలకరాయి మీద పడింది.

మా పెద్దమ్మ, అక్క తల్లి, చాప మీద నుంచి లేచి నిలబడింది. మేనత్త అయోడిను సీసా పట్టుకుని తలుపు దగ్గర నుంచి రెండడుగులు వేసి ఆగిపోయింది. సంఘ పెద్ద ఒకాయన, మేము తాత అని పిలిచేవాళ్ళం, ఆడపిల్లల కాళ్ళకు చక్రాలేంది, రేపు కాలు విరిగితే ఎవరు జవాబు చెప్తారని పైకే అన్నాడు. అక్క మాత్రం ఏడవలేదు. కూర్చుని కాలు చూసుకుని, గోడ వారన ఉన్న మా నాయన వైపు తిరిగి, మామూలుగా ఇంట్లో అడిగినట్టే అడిగింది.

"చిన్నాయనా, పట్టీ వదులైంది. కాస్త బిగిస్తావా?"

నాయన ఎన్నడూ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ మధ్య నుంచి నడిచిన మనిషి కాదు. రైతుల ఇంటికి చెప్పులు ఇవ్వడానికి పోయినా వాకిట్లోనే నిలబడేవాడు. ఆ రోజు లేచి, తలపాగా తీసి భుజాన వేసుకుని, హాలు నట్టనడుమకు తిన్నగా నడిచి వచ్చి, అక్క ముందర మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ విప్పి మళ్ళీ బిగించినాడు. తలపాగా అంచుతో మోచేతి రక్తం తుడిచినాడు. అక్క లేచి నిలబడింది. అందరి కళ్ళూ అప్పుడు పెద్దమ్మ మీదికి పోయినాయి. పెద్దమ్మ మాటకు ఊళ్ళో ఎదురు లేదు, ఆమె పిల్లను తీసుకుపోతానంటే ఆమె వెనకాలే పదిమంది తల్లులు లేస్తారు. మేనత్తకు అది నాకంటే బాగా తెలుసు. పెద్దమ్మ నడుము మీద చేయి పెట్టుకుని కూతుర్ని కిందికీ పైకీ చూసింది.

"నేను సరిగ్గా చూడనే లేదు. ఇంకో చుట్టు తిరుగు."

అక్క తిరిగింది. ఒక్కతే, గొలుసు లేకుండా, ఓణీ వెనక్కి ఎగురుతూ, తళతళలాడే ఇనుప చక్రాల మీద హాలు చుట్టూ గుండ్రంగా తిరిగి, తల్లి ముందరికి వచ్చి ఆగింది. చాపల మీద నుంచి చప్పట్లు మొదలై కుర్చీల దాకా పోయినాయి. తాత కూడా కొట్టినాడు, ఆయన కొట్టడం నేను చూసినాను. మేనత్త అయోడిను సీసా ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుని ఏడ్చింది.

కుర్చీల వాళ్ళు వెళ్ళిపోయినాక ఇంకో సంబరం జరిగింది. తల్లులంతా ఆ చక్రాల చుట్టూ మూగి, చేత్తో తిప్పి చూస్తూ, మాకూ తొడగండే అన్నారు. దొరసానమ్మ ఒక్కొక్కరి పాదం ముందర కూర్చుని కొక్కేలు చివరి దాకా విప్పి చూసింది. పొలం గట్ల మీద తిరిగి తిరిగి చదునైపోయిన ఆ పాదాలకు ఒక్క జతా పట్టలేదు. వాళ్ళ ముఖాలు చూసి దొరసానమ్మ భోజనాల బల్ల మీది చెక్క పలక ఒకటి ఊడదీయించి, దాని కింద నాలుగు చక్రాల జతలు తాళ్ళతో కట్టించింది. మొదట ఎవరు కూర్చుంటారంటే అందరూ వెనక్కి తగ్గినారు. మా అమ్మ ముందుకు వచ్చింది. ఎప్పుడూ అందరికంటే వెనక నిలబడే మా అమ్మ వచ్చి, కొంగు నడుముకు చుట్టుకుని, బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అక్కా నేనూ తాడు పట్టుకుని లాగినాము. ఒక చుట్టు, రెండు చుట్లు, అమ్మ నవ్వుతూనే ఉంది, మలుపులో బల్ల పక్కకు ఒరిగితే ఇంకా నవ్వింది.

"ఇంకా జోరుగా లాగండే."

ఆ సాయంత్రం చీకటి పడే లోపల ఆ బల్ల ఎక్కని తల్లి లేదు. చివరికి మేనత్తను కూడా చేతులు పట్టి లాక్కొచ్చి ఎక్కించినాము, ఆమె కళ్ళు మూసుకునే తిరిగింది.

ఆ ఏడు సెలవులయినాక బడికి తిరిగి రాని పిల్ల ఒక్కతె కూడా లేదు, కొత్త పిల్లలు కూడా వచ్చినారు. తరువాత స్వరాజ్యం వచ్చింది. దొరసానమ్మ ముసలిదై ఓడెక్కి తన దేశానికి పోయింది. చక్రాలు అరిగి, విరిగి, ఒక్కొక్కటే పోయినాయి. అక్క నర్సు చదివింది, నేను టీచరమ్మనై కంభంలో, కురిచేడులో ఉద్యోగం చేసి రిటైరైనాను. అక్కా పోయి చాలా కాలమైంది. ఆ హాలుకు ఇప్పుడు టైల్సు వేసినారట.

ఇప్పటి పిల్లలకు ఎవరి జత వాళ్ళకే ఉంది, వంతు కోసం కనిపెట్టుకుని కూర్చోవలసిన పని లేదు. మంచిదే. మా మేనత్త గొడుగు పట్టుకుని పల్లెలు తిరిగింది అందుకే కదా. కాని ఒక పిల్ల తిరుగుతూ ఉంటే గోడ పొడుగునా కూర్చున్న మిగతా పిల్లలమంతా ఆమె వాలినవైపు వాలుతూ, ఆమె పడితే అబ్బా అంటూ, కదలకుండానే తిరిగిన ఆ తిరుగుడు ఎక్కడికి పోయిందో తెలియదు. ఆడవాళ్ళు ఇప్పుడు స్కూటర్లు నడుపుతున్నారు, కార్లు నడుపుతున్నారు, ఎవరినీ అడగనక్కర లేదు. అమ్మ ఆ బల్ల మీద నవ్విన సాయంత్రం తరువాత చాలా ఏళ్ళు బతికింది. బస్సులెక్కింది, రైళ్ళెక్కింది, చివరి రోజుల్లో తమ్ముడి కారు కూడా ఎక్కింది. ఏది ఎక్కినా మూట ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ అడ్డం కాకూడదన్నట్టు ఒక మూలకు ఒదిగి కూర్చునేది. అమ్మా, ఇట్ల నడుమ కూర్చో అని ఎన్నిసార్లు చెప్పినా, నాకిక్కడ బాగుందిలే అనేది.